పుట్టిన గుర్రపు పిల్ల ఉచ్చ పోయకపోతే, బొడ్డు తడిగా ఉంటే ఏం చేయాలి?

మా జిల్లాల్లో గుర్రాలు పెంచేవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాళ్లే. ఆవుదూడ పుడితే ఏం చేయాలో ఇంట్లో ముసలమ్మ కూడా చెప్పగలదు. గుర్రం ఈనితే అడగడానికి ఊళ్లో ఎవరూ ఉండరు. అందుకే ఫోన్లు వస్తాయి, అన్నీ దాదాపు ఒకటే ప్రశ్న: "పిల్ల పొద్దున్న పుట్టిందండి, ఇంతవరకూ ఉచ్చ పోయలేదు", "బొడ్డు దగ్గర నీళ్లు కారుతున్నాయండి", "ఊరికే ముక్కుతోందండి, ఏం మందు పొయ్యమంటారు?"

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పశువైద్యుడిగా చాలా ఏళ్లు పనిచేశాను. చీపురుపల్లి వైపు ఒక పల్లెలో చూసిన మగపిల్ల ఇప్పటికీ గుర్తొస్తుంది. పుట్టిన రోజు చక్కగా లేచింది, పాలు తాగింది. రెండో రోజు ముక్కడం మొదలైంది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టారు. ఫోన్‌లో విన్న నేను కూడా మలబద్ధకమే అనుకున్నాను. ఇంటి పెద్దాయన, "ఉచ్చ పోస్తంది కదండి బాబూ, ఇంకేటి బెంగ?" అన్నారు. ఆ మాట విని నేనూ నిదానించాను. మూడో రోజు వెళ్లి పొట్ట మీద చెయ్యి వేస్తే లోపల నీళ్లు కదులుతున్నాయి. మూత్రసంచి చిరిగి, ఉచ్చంతా పొట్టలోకి చేరిపోయింది. బండి ఎక్కించేలోపే పిల్ల పోయింది.

అందుకే ముందే చెబుతున్నాను. కాస్త ఉచ్చ పడుతోంది కదా అని ధైర్యపడకండి. ఎప్పుడు పడింది, ఎక్కడి నుంచి పడింది, పడేటప్పుడు పిల్ల ఎలా నిలబడింది అనే మూడు విషయాలు చూడాలి. ఇంట్లో మీరు చూసి చెప్పగలిగితే డాక్టర్ పని సగం అయినట్టే.

ముందే సిద్ధం చేసుకోవాల్సినవి

గుర్రం కడుపుతో ఉండేది సుమారు 11 నెలలు. పదో నెల దాటగానే ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి, శాల దగ్గరే ఉంచండి. గుర్రాలు ఎక్కువగా రాత్రిపూట ఈనుతాయి. అప్పుడు మెడికల్ షాపు తెరిచి ఉండదు.

- 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణం. దొరక్కపోతే 5 శాతం పోవిడోన్ అయోడిన్
- మరిగించి చల్లార్చిన నీళ్లు, మూత ఉన్న సీసాలో
- చిన్న వెడల్పు మూతి సీసా లేదా మందు గ్లాసు, బొడ్డు ముంచడానికి
- దూది, తెల్ల టిష్యూ కాగితం, చేతి తొడుగులు
- థర్మామీటర్, టార్చిలైటు
- రెండు బారల పురికొస (ఎందుకో తర్వాత చెబుతాను)
- నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకున్నా సరే
- పొడి వరిగడ్డి, మందంగా పరవడానికి సరిపడా. ఊక, రంపపు పొట్టు వద్దు, తడి బొడ్డుకు అతుక్కుంటాయి
- 1962 నంబరు గోడ మీద రాసి ఉంచండి. అది సంచార పశువైద్య వాహనం కోసం. మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల నంబరు కూడా పక్కనే రాయండి

1. పుట్టిన టైమ్ రాయండి, బొడ్డుతాడు కొయ్యకండి

పిల్ల బయటపడిన టైమ్ రాసుకోండి. తర్వాత లెక్కలన్నీ దాని మీదే ఆధారపడతాయి. "తెల్లారగట్ల" అంటే సరిపోదు, మూడున్నరకా, ఐదున్నరకా అన్నది కావాలి.

బొడ్డుతాడు దానంతట అదే తెగాలి. తల్లి లేచినప్పుడో, పిల్ల కదిలినప్పుడో పొట్టకు రెండంగుళాల లోపు ఒక సన్నని చోటు ఉంటుంది, అక్కడ తెగుతుంది. బ్లేడుతో కొయ్యకండి, ముందే లాగకండి. కారణం చెబుతాను. తల్లి కడుపులో ఉన్నన్నాళ్లూ పిల్ల ఉచ్చ మూత్రసంచి నుంచి ఒక సన్నని గొట్టం ద్వారా బొడ్డులోంచే బయటికి పోతుంది. పుట్టాక ఆ గొట్టం ముడుచుకుని మూసుకుపోవాలి. దూడల్లో అది మూసుకోకపోవడం అరుదు. గుర్రపు పిల్లల్లో ఎక్కువ. బొడ్డు దగ్గర మొరటుగా చేసిన ఏ పనైనా దాన్ని ఇంకా చెడగొడుతుంది.

తెగిన చోట రక్తం కారుతుంటే తొడుగు వేసుకుని వేళ్లతో కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకోండి. చాలావరకు ఆగుతుంది. ఆగకపోతే శుభ్రమైన నాడాతో వదులు కాకుండా కట్టి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఆ కట్టు రోజంతా ఉంచేయకూడదు, లోపల చీము పట్టడానికి అదే దారి అవుతుంది.

2. బొడ్డుకు మందు పట్టించండి

2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అయితే ఒక వంతు మందుకు మూడు వంతుల నీళ్లు. 5 శాతం పోవిడోన్ అయోడిన్ అయితే ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు. చిన్న గ్లాసులో పోసి, బొడ్డు మొత్తం మునిగేలా కింద నుంచి పట్టి అర నిమిషం ఉంచండి. పైన చల్లడం, దూదితో తుడవడం సరిపోవు. మొదటి రెండు మూడు రోజులు రోజుకు మూడు నాలుగు సార్లు చేయండి. ప్రతిసారీ కొత్త మందు కలపాలి, గ్లాసులో మిగిలింది పారబోయాలి.

ఘాటైన టింక్చర్ అయోడిన్ నేరుగా పూయకండి. చర్మం కాలుతుంది, కాలిన చోటు ఊడినప్పుడు మూసుకుంటున్న గొట్టం మళ్లీ తెరుచుకుంటుంది. పేడ, బూడిద, పొయ్యి మసి అసలు వద్దు. ధనుర్వాతానికి గుర్రం చాలా తొందరగా లొంగిపోతుంది. పేడలో, మట్టిలో ఆ క్రిములు ఉంటాయి. పిల్లకు, తల్లికి ధనుర్వాతం టీకా సంగతి డాక్టర్‌ని ఆ రోజే అడగండి.

3. ముర్రుపాలు తాగిందో లేదో చూడండి

పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో చన్ను పట్టాలి, మూడు గంటల్లో తల్లికి మాయ పడాలి. 50 కిలోల పిల్లకు మొదటి ఆరు గంటల్లో లీటరు నుంచి లీటరున్నర ముర్రుపాలు కడుపులోకి పోవాలి. మన పొట్టి గుర్రాల పిల్లలు అందులో సగం బరువే ఉంటాయి, పాలూ సగం చాలు.

ఉచ్చకీ దీనికీ సంబంధం ఉంది. పాలు తాగని పిల్లకు ఉచ్చ తయారవదు. పుట్టిన పిల్ల రోజుకు తన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పాలు తాగుతుంది. 25 కిలోల పిల్లకు అది ఐదు, ఆరు లీటర్లు. కాబట్టి ఉచ్చ రాలేదని ఫోన్ చేసినవాళ్లని నేను మొదట అడిగేది తల్లి పొదుగు గురించే. పొదుగు బిగిసి పాలు కారుతున్నాయా? పిల్ల మొహం మీద పాలు చిమ్మిన మరకలున్నాయా? ఉంటే అది తాగడం లేదు, చన్ను దగ్గర ఊరికే నిలబడుతోంది. అప్పుడు చూడాల్సింది మూత్రసంచిని కాదు, పిల్ల ఎందుకు తాగడం లేదన్నది.

4. మొదటి ఉచ్చ కోసం కాపు కాయండి

మగపిల్ల సగటున ఆరు గంటలకు మొదటి ఉచ్చ పోస్తుంది. ఆడపిల్లకు పది, పదకొండు గంటలు పట్టొచ్చు. ఇది తెలియక ఆడపిల్ల ఎనిమిది గంటలైనా పోయలేదని టెన్షన్ పడేవాళ్లున్నారు. పిల్ల చురుగ్గా ఉండి, పాలు తాగుతుంటే అంత టెన్షన్ అక్కర్లేదు. 12 గంటలు దాటితే మాత్రం ఆడైనా, మగైనా డాక్టర్‌కి చెప్పాలి.

చూసే పద్ధతి సులువు. పిల్ల పడుకుని లేచిన వెంటనే ఉచ్చ పోస్తుంది. కాబట్టి అది లేచే టైమ్‌లో దగ్గర ఉండండి. గడ్డి తడిసింది కదా అని రాసుకోకండి, అది తల్లిది కూడా కావచ్చు. కంటితో చూసిందే రాయండి: టైమ్, ధారగా పడిందా, చుక్కలుగా పడిందా, ఎక్కడి నుంచి పడింది. వీలైతే శుభ్రమైన స్టీలు గ్లాసులో కొంచెం పట్టండి.

మొదటిసారి చిక్కగా, ముదురు రంగులో ఉండొచ్చు. ఆ తర్వాత పాలు తాగేకొద్దీ దాదాపు నీళ్లలా పలచబడుతుంది. అలా ఉండటమే ఆరోగ్యం. రెండో రోజు కూడా ముదురు పసుపుగా, కొద్దికొద్దిగా పడుతుంటే పిల్లకు పాలు చాలడం లేదన్న అనుమానం రావాలి.

మగపిల్లల విషయంలో ఒక మాట. మొదటి కొన్ని రోజులు అంగం పూర్తిగా బయటికి రాదు, తొడుగు లోపలే ఉంచి ఉచ్చ పోస్తుంది. ధార వంకరగా, చిందరవందరగా పడుతుంది. అది జబ్బు కాదు. బయటికి లాగి శుభ్రం చేయబోయి గాయం చేసిన సంగతి చూశాను. ముట్టుకోకండి.

5. ముక్కుతుంటే, దేనికోసం ముక్కుతోందో చూడండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. మొదటి లద్దె నల్లగా, గట్టిగా, బంకగా ఉంటుంది. దానికోసం పిల్ల ముక్కడం మామూలే. మొదటి రోజులో ఆ నల్ల లద్దె పోయి పసుపు రంగు మెత్తని లద్దె రావాలి. ఉచ్చ కోసం ముక్కడం దూరం నుంచి చూస్తే దీనిలాగే ఉంటుంది. పది అడుగుల దూరంలో, పక్క నుంచి నిలబడి చూడండి.

లద్దె కోసం ముక్కే పిల్ల వీపు పైకి విల్లులా వంచుతుంది. వెనక కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుంటుంది. తోక ఎత్తి అటూ ఇటూ ఆడిస్తుంది.

ఉచ్చ కోసం ముక్కే పిల్ల వీపు కిందికి దించుతుంది. వెనక కాళ్లు వెనక్కి, వెడల్పుగా చాపి నిలబడుతుంది. చాలాసేపు అలాగే ఉండి రెండు చుక్కలో, సన్నని ధారో వదులుతుంది. కాసేపటికి మళ్లీ అదే.

ఈ తేడా నూటికి నూరుపాళ్లు నిలబడదు. రెండూ కలిసి ఉన్న పిల్లలూ ఉంటాయి. అయినా ఒక నిమిషం వీడియో తీసి డాక్టర్‌కి పంపండి. నోటితో చెప్పే "ముక్కుతోంది" కంటే అది ఎంతో మేలు. ఆ రోజు నాకు అలాంటి వీడియో ఒక్కటి వచ్చి ఉంటే నేను రాత్రికే బయలుదేరేవాణ్ణి.

లద్దె కోసమే అని తేలితే, పొట్ట ఉబ్బకుండా ఉంటే, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపి, అర లీటరు లోపు, మెత్తని రబ్బరు గొట్టంతో నిదానంగా ఎక్కించవచ్చు. గొట్టానికి వాజ్‌లైన్ రాయండి, బలంగా తొయ్యకండి, నీళ్లు వాటంతట అవే దిగాలి. షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా అయితే ఒక్కసారికి మించి మీరుగా వాడొద్దు. పదే పదే వాడితే ఫాస్ఫేట్ రక్తంలోకి చేరి కొత్త ప్రమాదం తెస్తుంది. ఆముదం నోట్లో పోయకండి. పుట్టిన పిల్ల పేగు దానికి తట్టుకోలేదు, విరేచనాలు పట్టుకుంటే ఆగవు.

ఉచ్చ కోసం ముక్కుతోందని అనుమానం వస్తే ఎనిమా కూడా వద్దు. నేరుగా ఏడో మెట్టు చదవండి.

6. బొడ్డు తడి పరీక్ష

బొడ్డు ఒకటి రెండు రోజుల్లో ఎండి, ముడుచుకోవాలి. ఎప్పుడు చూసినా తడిగా ఉంటే ఇలా చేయండి.

బొడ్డునూ, చుట్టూ ఉన్న వెంట్రుకలనూ దూదితో పొడిగా తుడవండి. మందు పెట్టిన వెంటనే ఈ పరీక్ష చేయకండి, ఆ తడే కనిపిస్తుంది. గంట ఆగి చేయండి. పిల్ల పడుకుని లేచి ఉచ్చ పోసేటప్పుడు టార్చి వేసి కింద నుంచి చూడండి. అయిపోగానే బొడ్డు చివరకు తెల్ల టిష్యూ ఆనించండి.

టిష్యూ పొడిగా ఉంటే మంచిది. ఉచ్చ వాసనతో తడిస్తే, లేదా బొడ్డు నుంచి చుక్కలో ధారో కళ్లారా కనిపిస్తే, ఆ పాత గొట్టం మూసుకోలేదని అర్థం. చిక్కగా, పసుపుగా, దుర్వాసనతో అంటుకుంటే అది ఉచ్చ కాదు, చీము.

పుట్టినప్పటి నుంచీ కారుతుండడం ఒక రకం. బాగా ఎండిన బొడ్డు వారం తర్వాత మళ్లీ తడవడం ఇంకో రకం. నాకు రెండోదే ఎక్కువ భయం. బొడ్డులో చీము పట్టడం వల్లనో, పిల్ల వేరే జబ్బుతో లేవలేక పడుకుని ఉండటం వల్లనో అలా తెరుచుకుంటుంది. అక్కడి నుంచి క్రిములు రక్తంలోకి, కీళ్లలోకి పోతాయి. అందుకే బొడ్డు చూసిన ప్రతిసారీ మోకాళ్లు, మడమ కీళ్లు కూడా తడిమి చూడండి. ఒక కీలు వేడిగా, వాచి ఉన్నా, పిల్ల కుంటుతున్నా అదే రోజు డాక్టర్ రావాలి. "తల్లి తొక్కి ఉంటుందిలే" అనుకుని వదిలేసిన కుంటి నడక చాలాసార్లు ఈ జబ్బే.

బొడ్డు నుంచి ఉచ్చ కారుతున్న పిల్లకు ఇంట్లో చేయాల్సినవి ఇవి. రోజుకు నాలుగు సార్లు బొడ్డు మందులో ముంచండి. పడక గడ్డి రోజూ మార్చండి. ఉచ్చ తగిలి పొట్ట కింద, తొడల లోపల చర్మం ఎర్రబడుతుంది, కడిగి పొడిగా తుడిచి వాజ్‌లైన్ రాయండి, కానీ బొడ్డు మీద రాయొద్దు. ఉదయం, సాయంత్రం టెంపరేచర్ రాసుకోండి. మామూలుగా 99 నుంచి 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. అది పెరిగినా ప్రమాదమే, తగ్గినా ప్రమాదమే.

యాంటీబయాటిక్ ఏది, ఎన్ని రోజులు అన్నది డాక్టర్ చెప్పాలి. చీము లేకపోతే చాలా పిల్లల్లో కొద్ది రోజుల నుంచి వారం లోపు మూసుకుపోతుంది. మూసుకోకపోతే, లేదా స్కానింగ్‌లో లోపల చీము కనిపిస్తే, ఆపరేషన్ చేసి ఆ భాగం తీసేస్తారు. సిల్వర్ నైట్రేట్‌తో కాల్చడం పాత పద్ధతి. చీము ఉన్న బొడ్డును పైన కాల్చి మూస్తే చీము లోపలే ఉండిపోతుంది. దారం బిగించి కట్టినా అంతే.

7. రెండో రోజు నుంచి పొట్ట కొలవండి

పురికొస ఇందుకే. పిల్ల నిలబడి ఉన్నప్పుడు పొట్ట బాగా వెడల్పుగా ఉన్న చోట చుట్టూ తిప్పి, కొలత దగ్గర ముడి వేయండి. రోజూ ఉదయం, సాయంత్రం అదే చోట, అదే కొసతో కొలవండి. పాలు తాగిన వెంటనే కొలిస్తే తేడా వస్తుంది, కాసేపు ఆగండి. ముడి పూట పూటకూ దూరం జరుగుతోందంటే పొట్ట ఉబ్బుతోంది.

మూత్రసంచి చిరగడం ఎక్కువగా మగపిల్లల్లో చూస్తాం. వాటి మూత్రనాళం పొడుగు, సన్నం. నిండిన సంచితో కాన్పు దారిలో నలిగినప్పుడు సంచి చిరుగుతుంది. తర్వాత జబ్బుపడి పడుకుని ఉన్న పిల్లలోనూ చిరగవచ్చు. మొదటి రోజు ఏమీ తెలియదు. అందరూ మోసపోయేది అందుకే. రెండో రోజు నుంచి, ఒక్కోసారి మూడో రోజుకు, ఇవి ఒక్కొక్కటిగా కనిపిస్తాయి:

- పాలు తాగడం తగ్గుతుంది, తల్లి పొదుగు బిగుస్తుంది
- ఊరికే కాళ్లు చాపి నిలబడుతుంది, కొద్దిగా పడుతుంది
- పొట్ట రెండు వైపులా గుండ్రంగా, బిగువుగా అవుతుంది
- ఊపిరి వేగం పెరుగుతుంది. పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి 40 దాటితే లెక్కలోకి తీసుకోండి
- మత్తుగా, తల వేలాడేసి ఉంటుంది

చిరుగు చిన్నదైతే సంచిలో కొంత నిలబడి, కొంత మామూలు దారిలోనే పడుతుంది. పెద్దాయన చూసిన ఉచ్చ అదే.

పొట్ట ఉబ్బితే ఇలా చూడండి. పిల్లకు ఒక పక్క అరచెయ్యి ఆనించి ఉంచండి. ఇంకొకరు రెండో పక్క వేళ్లతో చిన్నగా తట్టాలి. లోపల నీళ్ల అల వచ్చి మీ అరచేతికి తగిలితే ఇక ఇంట్లో చేసేదేమీ లేదు. అల తగలకపోయినా, పైన చెప్పిన వాటిలో రెండు మూడు కలిసి ఉంటే డాక్టర్ రావాల్సిందే. కొన్నిసార్లు ఉచ్చ పొట్టలోకి కాక, బొడ్డు చుట్టూ చర్మం కిందికి చేరి అక్కడ మెత్తగా వాస్తుంది. అదీ ఇంతే అత్యవసరం.

8. ఎర్రగా, కాఫీ రంగులో పడితే

ఇది వేరే సంగతి. పుట్టినప్పుడు బాగున్న పిల్ల, ముర్రుపాలు తాగాక ఒకటి నుంచి నాలుగు రోజుల్లో నీరసించి, చిగుళ్లు పాలిపోయి పచ్చబడి, ఉచ్చ ఎర్రగా వస్తే, తల్లి ముర్రుపాలలోని పదార్థమే పిల్ల రక్తకణాలను పగలగొడుతోందని అనుమానించాలి. పిల్లకు 24 గంటలు నిండకపోతే వెంటనే మూతికి చిక్కం కట్టి తల్లి పాలు ఆపండి. డాక్టర్ వచ్చేదాకా ఆకలి తీరడానికి మేకపాలు పట్టవచ్చు. తల్లి పాలు పిండి పారబోయండి. పిల్లను పరిగెత్తించకండి, దాని రక్తంలో ప్రాణవాయువు తక్కువగా ఉంటుంది.

ఆడపిల్ల పుట్టినప్పటి నుంచీ ఆగకుండా చుక్కలు కారుస్తూ, తొడలు ఎప్పుడూ తడిగా ఉంటే, మూత్రపిండాల నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టాలు పుట్టుకతోనే తప్పు చోట కలిసి ఉండవచ్చు. అరుదు. తొందరేమీ లేదు, కానీ స్కానింగ్ కావాలి.

9. డాక్టర్ ఏం చేస్తారు, మీరు ఏం అడగాలి

మూత్రసంచి చిరిగిందన్న అనుమానం ఉంటే స్కానింగ్ చేస్తారు. సన్న సూదితో పొట్టలోని నీరు తీసి, దానిలో క్రియాటినిన్ (ఉచ్చలో బయటికి పోయే వ్యర్థ పదార్థం) ఎంత, రక్తంలో ఎంత అని పోలుస్తారు. పొట్ట నీటిలో రెండింతలు, అంతకన్నా ఎక్కువ ఉంటే అది ఉచ్చే. ఒక్క రక్త పరీక్షతో తేల్చరు. కడుపులో ఉన్నప్పుడు మాయ సరిగా పనిచేయకపోతే మొదటి రోజు రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగానే ఉండవచ్చు, అది రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది.

"ముందు ఒక సెలైన్ ఎక్కించండి బాబూ" అని అందరూ అడుగుతారు. ఏ సెలైన్ అన్నది ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. పొట్టలోకి పోయిన ఉచ్చ నుంచి పొటాషియం మళ్లీ రక్తంలోకి చేరుతుంది, సోడియం తగ్గిపోతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. రింగర్ లాక్టేట్‌లో పొటాషియం ఉంది, అందుకే ఇక్కడ అది వద్దు. నార్మల్ సెలైన్, డెక్స్‌ట్రోజ్ పెడతారు, పొట్టలో నీరు నిదానంగా తీస్తారు, పొటాషియం దిగాకే మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తారు. "వెంటనే కొయ్యలేదు" అని డాక్టర్ మీద కోప్పడకండి. పొటాషియం ఎక్కువగా ఉండగా మత్తు ఇస్తే పిల్ల బల్ల మీదే పోవచ్చు.

విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. బయలుదేరే ముందే డాక్టర్ చేత ఫోన్ చేయించండి: స్కానింగ్ ఉందా, పిల్లకు మత్తు ఇచ్చే డాక్టర్ ఆ రోజు ఉన్నారా, లేకపోతే ఎక్కడికి వెళ్లాలి? ఇచ్ఛాపురం, పలాస వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. అంత దూరం వచ్చి మళ్లీ ఇంకో ఊరు వెళ్లాల్సి వస్తే పిల్ల తట్టుకోదు.

తల్లినీ, పిల్లనూ ఒకే బండిలో తీసుకెళ్లండి, మధ్యలో అడ్డం పెట్టండి. కింద మందంగా గడ్డి వేయండి. పిల్లను పక్కకు పడేసి కాళ్లు కట్టకండి. పొట్ట నిండా నీళ్లున్న పిల్ల పక్కకు పడుకుంటే ఊపిరి ఆడదు, రొమ్ము మీద కూర్చున్నట్టు ఆనించి ఒకరు పట్టుకోవాలి. మీ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

ఉచ్చ రావడానికని లేసిక్స్ ఇంజెక్షన్ చేయించడం. మూత్రం తయారవడం ఆగిందా, పోయే దారి లేదా అన్నది తెలియకుండా అది చేయకూడదు. చిరిగిన సంచి ఉంటే పొట్టలోకి ఇంకా నింపినట్టే. పాలు తాగని పిల్లైతే ఒంట్లో ఉన్న కాస్త నీరు కూడా పోతుంది.

నొప్పికి, జ్వరానికి మిగిలిపోయిన సీసా నుంచి ఇంజెక్షన్ చేయడం. నీరు తగ్గిన పిల్లకు నొప్పి మందులు, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎవరో ఇచ్చారని డైక్లోఫెనాక్ అసలే వాడకండి, అది వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నాయని పశువులకు దాన్ని 2006లోనే నిషేధించారు.

ఉచ్చ రావాలని పొట్ట నొక్కడం. చిరగబోయే సంచిని మన చేత్తోనే చించినట్టవుతుంది. సన్నని గొట్టం పెట్టి తీయాలని చూడటం కూడా ఇంట్లో వద్దు.

తాగడం లేదని నీళ్లు, చక్కెర నీళ్లు సీసాతో నోట్లో పోయడం. మింగలేని పిల్లకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బాగైందని ఎలా తెలుస్తుంది

బొడ్డు కారడం ఆగిన పిల్లకు టిష్యూ పరీక్ష వరసగా మూడు రోజులు, రోజుకు రెండుసార్లు చేయండి. ఆరు సార్లూ పొడిగా వస్తేనే ఆగిందని రాసుకోండి. ఒక్కరోజు పొడిగా ఉందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపకండి, డాక్టర్ చెప్పిన రోజులు పూర్తి చేయండి. ఆ తర్వాత కూడా వారం పాటు బొడ్డు మందం వేళ్ల మధ్య పట్టి చూడండి. అది సన్నబడుతూ ఉండాలి. లావెక్కుతూ, వేడిగా ఉంటే, పట్టుకోగానే పిల్ల తన్నుతుంటే, పైన ఎండినా లోపల చీముందని అనుమానించి స్కానింగ్ చేయించండి.

ఆపరేషన్ అయిన పిల్లకు మొదటి రెండు మూడు రోజులు మళ్లీ అదే పురికొస, అదే నోట్‌బుక్. కుట్టు ఊడి మళ్లీ కారే అవకాశం ఉంది, కాబట్టి ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే కొత్త ముడి వేసి కొలత మొదలుపెట్టండి. ముడి జరగకూడదు. పిల్ల పడుకుని లేచిన ప్రతిసారీ ముక్కకుండా, ఒకే ధారగా, నీళ్లలా పలచగా పోసి, వెంటనే చన్ను దగ్గరికి వెళ్లాలి. తల్లి పొదుగు ఉదయానికి మెత్తగా, ఖాళీగా ఉండాలి. ఈ రెండూ కనిపించిన రోజు రాత్రి మీరు కాపు మానేసి పడుకోవచ్చు.